కరిచింది జాతా, పెంపకమా?

[తెర మీద: గేటు వెనక నిలబడ్డ రాట్‌వైలర్. ఆ పక్కనే సోఫా మీద పడుకున్న డాక్స్‌హండ్.]

ఈ రెండింట్లో మనిషి మీద పళ్లు దించే అలవాటు దేనికెక్కువ? మీ వేలు గేటు వైపే వెళ్లుంటుంది. 2008లో అమెరికా పరిశోధకులు ముప్ఫైకి పైగా జాతుల కుక్కల గురించి వాటి ఓనర్లనే అడిగి చూశారు. కొత్తవాళ్ల మీదకీ, పెంచినవాళ్ల మీదకీ ఎగబడేవాటిలో ముందు వరసలో తేలినవి డాక్స్‌హండ్, చివావా. అవును, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు తీసుకునేవే.

మరి వార్తల్లో వాటి పేరు ఎందుకు రాదు? డాక్స్‌హండ్ కరిస్తే గాయం కడుక్కుని, ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికొస్తాం. రాట్‌వైలర్ కరిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. అంటే ఇక్కడ రెండు ప్రశ్నలు ముడిపడిపోయి ఉన్నాయి. ఏ కుక్క కరుస్తుంది అన్నది ఒకటి. కరిస్తే ఎంత నష్టం అన్నది ఇంకొకటి. రెండోదానికి జవాబు చాలావరకు ఒంటి బరువులోనూ దవడలోనూ ఉంది, అవి జాతితో వచ్చేవే. అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కల దాడిలో మనిషి చనిపోయి, కుక్క జాతి కూడా నమోదైన కేసులు 238. వాటిలో సగానికి పైగా రాట్‌వైలర్లు, పిట్‌బుల్ తరహా కుక్కలే. ఈ లెక్కని పక్కకి నెట్టేసి "అన్ని కుక్కలూ ఒకటే" అనేవాళ్ల మాట నాకు ఎక్కదు.

గొడవంతా మొదటి ప్రశ్న దగ్గరే.

[తెర మీద: బోనులో వెండి రంగు నక్క]

కోపం పుట్టుకతో రాదా అంటే, వస్తుంది. 1959లో ద్మిత్రీ బెల్యాయేవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త సైబీరియాలో నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరనివాటినే ఏరి జతకట్టించాడు. పట్టుమని పది తరాలు తిరక్కుండానే తోకాడించుకుంటూ మనిషి వెంటపడే పిల్లలు పుట్టాయి. ఆ తర్వాత కోపిష్టి నక్కలనే ఏరుకుంటూ ఇంకో వరస నడిపితే, మనిషి దగ్గరికి రాగానే మీదకి దూకేవి వచ్చాయి. కాకపోతే అక్కడ ఏరింది గుణాన్ని చూసి. ఇవాళ మనం పేరు పెట్టి పిలిచే కుక్క జాతుల్లో చాలావాటికి రెండొందల ఏళ్ల వయసు కూడా లేదు. వాటిలో ఎక్కువగా చూసుకున్నది చెవులు, బొచ్చు, మూతి, రంగు.

అందుకే 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం నాకు పెద్ద ఆశ్చర్యం అనిపించలేదు. 18,385 కుక్కల ప్రవర్తన గురించి ఓనర్లు చెప్పినవి తీసుకుని, వాటిలో 2,155 కుక్కల జన్యువులు కూడా చదివారు. కుక్కకీ కుక్కకీ మధ్య గుణంలో ఉన్న తేడాలో జాతి వాటా సుమారు 9 శాతం. చెప్పిన మాట వింటుందా అన్నదాంట్లో జాతి కాస్త ఆచూకీ ఇచ్చింది. బెదిరితే ఎంత తొందరగా తిరగబడుతుంది అన్నదాంట్లో మాత్రం జాతి పేరు తెలిసినా దాదాపు ఏమీ తేలలేదు.

చట్టాలేమో జాతి పేరు పట్టుకునే నడుస్తాయి. బ్రిటన్ 1991లో పిట్‌బుల్‌తో కలిపి నాలుగు రకాల్ని నిషేధించింది. ముప్ఫై ఏళ్లు పోయాక, ఆ జాబితాలో లేని ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ రకం కుక్క తలనొప్పిగా మారి, 2023 చివర్లో దాన్నీ చేర్చాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ అయితే కాట్లు తగ్గడం లేదని 2008లో పిట్‌బుల్ నిషేధాన్నే ఎత్తేయడానికి సిద్ధపడింది. పైగా పిట్‌బుల్ అన్నది ఒక్క జాతి పేరు కూడా కాదు, వెడల్పు తల, బలమైన ఛాతీ ఉన్న రకరకాల కుక్కలకి తగిలించే పేరు.

[తెర మీద: పెరట్లో గొలుసు, ఖాళీ గిన్నె. కుక్క కనపడదు.]

ఇప్పుడు ఓనర్ సంగతి. 2000 నుంచి 2009 వరకు అమెరికాలో కుక్క దాడి వల్ల జరిగిన 256 మరణాలను ఒక్కొక్కటిగా తవ్వి చూశారు. 87 శాతం కేసుల్లో ఆ సమయానికి కుక్కని ఆపగలిగిన మనిషి దగ్గర లేడు. 76 శాతం కేసుల్లో అది ఇంట్లో మనుషులతో కలిసిమెలిసి పెరిగిన కుక్క కాదు, ఎక్కడో విడిగా ఉంచినది. ఇలాంటి కారణాలు నాలుగు, అంతకన్నా ఎక్కువ ఒకేసారి కలిసిన కేసులు 80 శాతం పైనే. కుక్క జాతిని నమ్మకంగా తేల్చగలిగింది 45 కేసుల్లో మాత్రమే.

ఇక గొలుసు, కొట్టడం లేని మంచి ఇళ్లలో కూడా జరిగే తప్పు ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

మొరిగే కుక్క కరవదంటారు. ఆ సామెతని నమ్ముకుని చెయ్యి పెట్టకండి. గుర్రుమనే కుక్క మాత్రం చాలాసార్లు కరవాల్సిన అవసరం రాకూడదనే గుర్రుమంటుంది. అంతకుముందే అది చాలా చెప్పి ఉంటుంది: తల పక్కకి తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, కంట్లో తెల్లగుడ్డు కనపడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. అదే సమయంలో పిల్లాడు దాని మెడ చుట్టూ చేతులేసి వేలాడుతుంటాడు, మనం వీడియో తీస్తుంటాం. చివరికి గుర్రుమంటుంది. "నోర్ముయ్!" అని ఒక్కటి వేస్తాం. అప్పుడు కుక్క నేర్చుకునేది పిల్లాడితో భయం లేదని కాదు, గుర్రుమంటే దెబ్బ పడుతుందని. భయం అలాగే ఉంది, హెచ్చరిక ఒక్కటే పోయింది. ఇంకో రోజు చప్పుడు లేకుండా కరుస్తుంది, "ఉన్నట్టుండి కరిచిందండీ" అంటాం. కుక్కల ప్రవర్తన చూసే క్లినిక్‌కి వచ్చిన ఓనర్లను 2009లో ఒక అధ్యయనం అడిగితే, కుక్కని కొట్టిన, తన్నినవాళ్లలో నూటికి నలభై మందికి పైగా అది ఎదురు తిరిగిందనే చెప్పారు.

అలాగని అంతా ఓనర్ నెత్తినే రుద్దడం కూడా నాకు నచ్చదు. కుక్కపిల్ల లోకానికి అలవాటుపడే కాలం సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. చాలా పిల్లలు ఇల్లు చేరేది ఎనిమిదో వారం తర్వాతే. అప్పటికే ఆ కాలంలో సగం దాకా బ్రీడర్ దగ్గర గడిచిపోయింది, కొన్నిసార్లు చీకటి గదిలో, ఇనుప బోనులో. అదీగాక ఎప్పుడూ నెమ్మదిగా ఉండే ముసలి కుక్క హఠాత్తుగా కరిస్తే, ట్రైనర్ కంటే ముందు వెటర్నరీ డాక్టర్ని పిలవాలి. కీళ్ల నొప్పో, పంటి నొప్పో, చెవిలో పుండో ఉండొచ్చు.

[తెర మీద: తల్లికుక్క, చుట్టూ పిల్లలు]

పిల్లని కొనడానికి వెళ్లినప్పుడు చాలామంది జాతి సర్టిఫికెట్ అడుగుతారు. దాంతోపాటు తల్లిని చూపించమనండి. మీరు దగ్గరికి వెళ్తే అది ఏం చేస్తుందో, పిల్లలు మనిషి చేతికి వస్తాయో మూలకి పారిపోతాయో చూడండి. తల్లిని చూపించడానికి బ్రీడర్ ఏవో సాకులు చెబుతుంటే, చేతిలో ఉన్న పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా కింద పెట్టేసి వచ్చేయండి.