రూఫ్ వైపు జాయింట్
(నెల్లూరులో డిప్లొమా విద్యార్థులకు రోల్ కేజ్ గురించి చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, మెకానికల్ విభాగం అధ్యాపకులకు నమస్కారం.

పిల్లలూ, నేను ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా వెల్డింగ్ పని చేస్తున్నాను. మొదట్లో అంతా లారీ ఛాసిస్‌లు, ట్రాక్టర్ ట్రాలీలే. మనం హైవే ఎక్కి చెన్నై దాటితే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది కదా, అక్కడికి వెళ్లే కుర్రాళ్ల వల్ల నాకు రోల్ కేజ్ పని అలవాటైంది. కారు పల్టీ కొట్టినా రూఫ్ లోపలికి నొక్కుకుపోకుండా కాపాడే పైపుల చట్రమే కేజ్. బోల్టులతో బిగించేవీ ఉన్నాయి. ఈరోజు బాడీకి వెల్డ్ చేసేదాని గురించే చెప్తాను.

ముందు మీరు ఒకటి తేల్చుకోవాలి. ఆ కారు ఎక్కడ తిరుగుతుంది? ట్రాక్ మీదే అయితే కేజ్ వేయండి. పొద్దున కాలేజీకి, సాయంత్రం మైపాడు బీచికి వెళ్లే కారైతే వద్దు. రేసులో డ్రైవర్ తలకి హెల్మెట్ ఉంటుంది, ఒంటిని సీటుకి కట్టేసే బెల్టులుంటాయి. ఇవేవీ లేనివాడి తలకి జానెడు దూరంలో స్టీలు పైపు ఉంటే, చిన్న గుద్దుకే తల దానికి తగులుతుంది. ప్రాణం కాపాడాల్సిన పైపే ప్రాణం తీస్తుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. చూడ్డానికి బాగుంటుందని కేజ్ అడిగినవాళ్లని నేను వెనక్కి పంపేశాను. మీరూ అలాగే పంపండి.

ఇక పైపు. నా దగ్గరికి వచ్చే ప్రతి పదిమందిలో సగం మంది ఇంట్లో మిగిలిన బోరు పైపు తెస్తారు. "మందం ఎక్కువే కదన్నా, గట్టిగా ఉంటుంది" అంటారు. అది నీళ్ల కోసం చేసిన పైపు. దాని మీద జింక్ పూత ఉంటుంది. వెల్డ్ చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, జాయింట్‌లో బుడగలు పడతాయి. గేట్లకి, ఫర్నిచర్‌కి వాడే పైపు ఇంకో రకం. రేకుని గుండ్రంగా చుట్టి అంచులు అతికిస్తారు. కోసిన చివర్లో వేలు పెట్టి లోపల చుట్టూ తిప్పండి, చాలాసార్లు ఒకచోట సన్నటి గీత గరుకుగా తగులుతుంది. అదే అతుకు. పైపుని వంచినప్పుడు, గట్టి దెబ్బ తగిలినప్పుడు నమ్మలేనిది అక్కడే. గీత తగలకపోయినా సరిపోదు. అతుకు లేని, వేడి చేయకుండా లాగి తయారుచేసిన (కోల్డ్ డ్రాన్) కార్బన్ స్టీలు పైపు కావాలని అడిగి, మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ చూసి కొనండి.

ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల్లో అనుబంధం జె, 253వ ఆర్టికల్ మీకు పాఠ్యపుస్తకం లాంటిది. సీటు వెనక తిరగేసిన ఇంగ్లీషు యు అక్షరంలా నిలబడే పెద్ద పైపుని మెయిన్ హూప్ అంటాం. అది ముక్కలు అతికి చేసింది కాకుండా ఒకటే పైపుగా ఉండాలి. సైజు కనీసం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం. లేదా 50 వ్యాసం, 2 మందం. మిగతా పైపులు 38కి 2.5, లేదా 40కి 2. లెక్క వేస్తే 45 పైపు మీటరుకి 2.6 కిలోలు, 50 పైపు 2.4 కిలోలు. బరువు తగ్గుతుందని 50 తీసుకుంటే చిన్న కారులో తల దగ్గర చోటు తగ్గుతుంది. కాబట్టి డ్రైవర్‌ని హెల్మెట్‌తో సీట్లో కూర్చోబెట్టి కొలిచాకే పైపు కొనండి.

పైపుని వేడి చేసి వంచకూడదు. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. వంపు దగ్గర పైపు కోడిగుడ్డులా నొక్కుకుపోతే వెర్నియర్‌తో కొలవండి. సన్నటి వైపు కొలతని వెడల్పు వైపు కొలతతో భాగిస్తే 0.9కి తగ్గకూడదు. తగ్గితే ఆ పైపు పక్కన పెట్టేయాలి, అంతే.

బాడీ సంగతి మనవైపు మరీ ముఖ్యం. రొయ్యల చెరువులకి తిరిగిన బండి కార్పెట్ ఎత్తి చూశారా? ఒకసారి అలాంటి కారు ఫ్లోర్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలో దిగినట్టు దిగింది. పైన రంగు మాత్రం తళతళలాడుతోంది. అలాంటి రేకు మీద ఎంత మంచి కేజ్ నిలబెట్టినా పల్టీలో కేజ్ పైపుల కాళ్లు ఫ్లోర్‌ని చీల్చుకుని కిందికి దిగుతాయి. తుప్పు ఉన్నంతమేర కోసేసి కొత్త రేకు వేశాకే కేజ్ మాట. ప్రతి మెయిన్ కాలు కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు ఉండాలి. అంటే ఒక్కో వైపు సుమారు 11 సెంటీమీటర్లు.

ఇప్పుడు నేను ఇంత దూరం వచ్చింది ఏ మాట కోసమో చెప్తాను. నా మొదటి కేజ్ చూసి అందరూ మెచ్చుకున్నారు. ట్రాక్ దగ్గర తనిఖీ చేసే పెద్దాయన జేబులోంచి పళ్ల డాక్టర్ వాడేలాంటి చిన్న అద్దం తీసి, రూఫ్‌కి పైపుకి మధ్య దూర్చి, టార్చి వేశాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. జాయింట్ కింది సగం పూసలు గుచ్చినట్టు ఉంది. పై సగం అసలు వెల్డే లేదు. రూఫ్ అడ్డం వచ్చి వెల్డింగ్ టార్చ్ పట్టలేదు, నేను వదిలేశాను. కారు ఆ రోజు పోటీలో దిగలేదు. నాలుగు నెలలు డబ్బు కూడబెట్టుకున్న కుర్రాడు పక్కన నిలబడి ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత దారి నేర్చుకున్నాను. మెయిన్ హూప్, ముందు పైపుల కాళ్ల కింద మూడంగుళాల ఎత్తు స్టీలు పెట్టెలు చేసి, డోర్ కింది సిల్‌కి ఆనించి నిలపండి. వాటి మీద కేజ్ నిలబెట్టి, రూఫ్‌కి దగ్గరగా తెచ్చి, అన్ని జాయింట్లూ ట్యాకింగ్ మాత్రమే చేయండి, అంటే అక్కడక్కడ చుక్కల్లా తాత్కాలికంగా అతికించండి. తర్వాత పెట్టెలు లాగేయండి. వెనక పైపుల కాళ్లు కూడా వదులుగా ఉంటాయి కాబట్టి కేజ్ మొత్తం మూడంగుళాలు కిందికి దిగుతుంది. రూఫ్‌కి పైపుకి మధ్య చేయి, టార్చ్ పట్టే సందు వస్తుంది. అప్పుడు పై జాయింట్లు చుట్టూ పూర్తిగా వెల్డ్ చేసి, కేజ్‌ని జాకీతో ఎత్తి, పెట్టెలు తిరిగి పెట్టి, వాటిని ఫ్లోర్‌కి, సిల్‌కి కలిపి వెల్డ్ చేయండి. ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఆ రోజుకి కూలి అడగండి, ఇస్తారు.

పైపు చివర రెండో పైపు గుండ్రానికి కరుచుకునేలా కోయాలి. సందు ఎక్కువైతే వెల్డ్‌తో పూడ్చొద్దు, ఆ ముక్క తీసేసి ఇంకోటి కోయండి. మామూలు కార్బన్ స్టీలుకి సీఓటూ వెల్డింగ్ సరిపోతుంది, చేయి కుదిరితే ఆర్గాన్ గ్యాస్‌తో చేసే టిగ్ వెల్డింగ్ ఇంకా మంచిది. ఒకే వైపు గుక్కతిప్పుకోకుండా వెల్డ్ కొట్టుకుంటూ పోతే వేడికి ఇనుము ఒకవైపు లాగేసి వంకరపోతుంది. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి చేసి, చల్లారనిచ్చి, ప్రతిసారీ డోర్లు వేసి చూడండి. డోరు పట్టేస్తోందంటే అక్కడ ఆపండి. నునుపు కోసం వెల్డ్‌ని గ్రైండింగ్ చేయొద్దు, అరగదీసింది బలాన్నే.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ, కంప్యూటర్ బాక్సు, పెట్రోలు ట్యాంకు తీసేయండి. ఫ్లోర్ మీది తారు షీటు గీకేయండి, అది అంటుకుంటుంది. అద్దాల మీద తడిగుడ్డ కప్పండి, ఒక్క నిప్పురవ్వ పడినా ఆ మచ్చ పోదు. రంగు వేశాక హెల్మెట్ తగిలే ప్రతిచోటా ఎఫ్‌ఐఏ 8857-2001 రకం గట్టి ప్యాడింగ్ చుట్టాలి. సోఫా స్పాంజి పనికిరాదు. పోటీకి వెళ్లేవాళ్లు ఆ ఏడాది మన దేశపు సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చిన నిబంధనలు ముందే చదువుకోండి.

ఈ బల్ల మీద రెండు జాయింట్లు తెచ్చాను. ఒకటి చుట్టూ వెల్డ్ చేసింది, ఇంకోటి నా మొదటి కేజ్‌లో లాగా సగమే చేసింది. ముందువైపు నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరు రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి రండి. వాటిని వైస్‌లో బిగించి, పెద్ద సుత్తితో కొట్టి చూద్దాం.