ఫ్రిజ్‌లో పెట్టి చంపేసి, జపాన్ మిఠాయి బాగోలేదంటారా?

ఆగండి. ముందు ఆ ఫ్రిజ్ తలుపు మూయండి.

గొడవ మీకు తెలిసిందే. జపాన్ వెళ్లొచ్చిన మనవాళ్ల రీల్స్ కింద ఒకటే పాట. "ఐదొందల యెన్లు పోసి కొంటే లోపల పప్పు ముద్ద! నెయ్యి లేదు, ఏలకులు లేవు, పైగా నములుతుంటే చెప్పు తోలులా ఉంది." కింద వందమంది నవ్వే బొమ్మలు. సరే, నవ్వండి. కానీ జరిగిందేంటో నేను చెప్పనా? పొద్దున కొట్లో కొన్నారు. సంచిలో అడ్డంగా తోసి ఊరంతా తిరిగారు. రాత్రి హోటల్ గదిలో ఫ్రిజ్‌లో పెట్టారు. మర్నాడు సాయంత్రం తీసి కెమెరా ముందు కొరికారు. శవాన్ని పట్టుకుని "ఏంటి, మాట్లాడదేం?" అని అడిగినట్టుంది.

నాది ఒక్కటే మాట. వీడియో అయ్యేదాకా దీన్నే అరుస్తాను, విసుగొస్తే వెళ్లిపోండి. జపాన్ సంప్రదాయ మిఠాయి కొట్లో మీరు డబ్బులిచ్చి కొనేది తారీఖు. తీపి దానికి ప్యాకింగ్.

అక్కడి సంప్రదాయ మిఠాయిలన్నిటినీ కలిపి వగాషి అంటారు. అందులో మన గొడవంతా నామగాషి గురించి. 'నామ' అంటే పచ్చి, తాజా అని. నూటికి 30 పాళ్లు, ఆపైన నీళ్లుండే రకం. ఇందులో మళ్లీ రెండు కులాలు. పొద్దున చేసి పొద్దుగూకేలోపు అమ్మేసేది అసా-నామ: దైఫుకు, దాంగో, కషివా మోచీ లాంటి బియ్యపు ముద్దలు. టీ వేడుకలకి పెట్టే సొగసైనది జో-నామ: పువ్వులు, ఆకులు, మంచు, వెన్నెల, ఏ రుతువులో ఉంటే ఆ రూపం. అసా-నామ పెట్టె మీద 'హోంజిత్సు-చూ' అని చీటీ ఉంటుంది. ఈరోజే, ఈరోజులోపలే తినమని. అది మర్యాద కోసం రాసిన మాట కాదండీ, హెచ్చరిక!

ఎందుకో మీ వంటింట్లోనే తేల్చుకోండి. నిన్నటి అన్నం ఫ్రిజ్‌లో పెట్టి ఇవాళ తీస్తే మెతుకు ఎలా ఉంటుంది? బిరుసుగా, విరిగిపోతూ. బియ్యప్పిండి ఉడికినప్పుడు నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, చల్లారేకొద్దీ ఆ నీటిని వదిలేసి మళ్లీ బిగుసుకుంటుంది. ఈ బిగుసుకోవడం బాగా జోరుగా జరిగేది 0 నుంచి 4 డిగ్రీల దగ్గర. అంటే సరిగ్గా మీ ఫ్రిజ్‌లో. అన్నాన్ని మళ్లీ వేడి చేస్తారు, బతుకుతుంది. పప్పు పూర్ణం పెట్టిన మోచీని ఏం చేస్తారు?

మరి కొన్ని మోచీలు నాలుగు రోజులైనా మెత్తగా ఉంటాయేంటి అంటారు. చక్కెరండీ, చక్కెర! గ్యూహి అని ఒక రకం ఉంది. 100 గ్రాముల జిగురు బియ్యప్పిండికి 200 గ్రాముల దాకా చక్కెర పోసి పొయ్యి మీద తిప్పుతారు. ఆ చక్కెర నీటిని గట్టిగా పట్టుకుని పిండిని బిగుసుకోనివ్వదు. చక్కెర లేకుండా దంచిన మోచీకి ఆ కాపలా ఉండదు. క్యోటోలో దెమాచి ఫుతాబా అనే కొట్టు ముందు మామె మోచీ, అంటే గింజల మోచీ కోసం అంత బారు క్యూ కడతారు కదా? అది ఆరోజే తినాలి. తీపి తక్కువ కావాలంటారు, వారం నిలవ ఉండాలంటారు. రెండూ ఒకే ముద్దలో కుదరవు.

ఫ్రిజ్‌లోంచే వచ్చేవి లేవా అంటే ఉన్నాయి. మిజు యోకాన్, అంటే నీళ్లెక్కువున్న పప్పు జెల్లీ, చల్లగానే తినాలి. దాన్ని పట్టి ఉంచేది కంతెన్, అంటే మన కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్. సముద్రపు నాచు, పిండి కాదు. అందుకే చలికి బిగుసుకోదు. చిక్కుడు గింజల ముద్దతో చేసే నెరికిరి మిగిలిపోతే ఫ్రిజ్ కాదు, ఫ్రీజర్. ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ పొరలో చుట్టి, డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక కరిగేదాకా ఆ పొర విప్పకండి. విప్పారో, గాలిలో తేమంతా మిఠాయి మీద నీటి చుక్కలై రంగు కారిపోతుంది. మిజు యోకాన్‌ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టారంటే కరిగాక నీళ్లొక పక్క, పప్పొక పక్క.

ఇప్పుడు అసలు తారీఖు సంగతి. తొరాయా పేరు వినే ఉంటారు. 1500ల్లో క్యోటోలో మొదలై, 1869లో చక్రవర్తి వెంట తోక్యో వెళ్లిన కొట్టు. అక్కడ రుతువు మిఠాయిలు సగం నెలకోసారి మారతాయి. 1 నుంచి 15 దాకా ఒక వరస, 16 నుంచి ఇంకో వరస. మన రైతులకి కార్తెలున్నట్టే వాళ్లకి సూర్యుడి నడక మీద లెక్కేసిన 24 భాగాలున్నాయి, ఒక్కోటి దాదాపు 15 రోజులు. మృగశిర ఎప్పుడొస్తుందో, ఏరువాక ఎప్పుడో చెప్పక్కర్లేని తాతలున్న మనకి ఇది వింతగా తోచడమే నాకు వింత.

అందులోనూ ఒక మెలిక. పువ్వు మిఠాయి పువ్వు కంటే ముందు రావాలి. తోక్యోలో సకురా, అంటే చెర్రీ పువ్వు, పూసేది మార్చి ఆఖర్లో. సకురా మోచీ మార్చి 3న బొమ్మల పండక్కే ఇంటికొచ్చేసి ఉంటుంది. చెట్టు నిండా పూశాక పువ్వు ఆకారం మిఠాయి పెట్టడమంటే, పెళ్లయ్యాక శుభలేఖ పంచినట్టు. అందుకే ఏప్రిల్ ఆఖర్లో కొట్లోకి వెళ్లి "సకురాది లేదా?" అని అడిగేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అప్పుడు పళ్లెంలో ఐరిస్ ఉంటుందండీ! దాని పేరు కరగొరొమో. వెయ్యేళ్ల కిందటి ఒక పద్యంలో మొదటి మాట అది. ఆ పద్యం పాదాల మొదటి అక్షరాలు కలిపితే క-కి-త్సు-హ-త. నీళ్లలో పూసే ఐరిస్ పేరే అది. చూడబోతే పల్చటి రెక్కని మడత పెట్టినట్టుంటుంది, అంతే. పువ్వుని పువ్వులా చేయలేదు, పేరులో దాచారు. మనవాళ్లు చిత్రకవిత్వంలో పాదాల మొదట పేర్లు దాచినట్టే. ఈ పేర్లకున్న విలువెంతంటే, 2022లో జపాన్ ప్రభుత్వం నెరికిరి, దానిలాంటిదే అయిన కొనాషి చేసే విద్యని సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. ఆ నమోదు పేరే 'పేరు పెట్టుకున్న పచ్చి మిఠాయిలు'. పళ్లెం ముందు చిన్న చీటీ మీద రాసుంటుంది కదా? ఫొటో తీసేముందు దాన్ని చదివించుకోండి.

"సరే, ఆ పప్పు ముద్దకి అంత డబ్బా?" దగ్గరికి రండి, చూపిస్తా. నెరికిరి. తెల్ల చిక్కుడు గింజల్ని ఉడికించి, తొక్క తీసి, జల్లెడ పట్టి, చక్కెరతో ఉడికించిన ముద్ద. దాన్ని మళ్లీ పొయ్యి మీద తేమ పోగొడతారు. చేతి వెనక తాకిస్తే అంటుకోకూడదు, అదీ గుర్తు. అందులో పదో వంతు గ్యూహి కలుపుతారు, సాగుడు కోసం. అది తక్కువైతే పూరేక నొక్కగానే అంచు పగులుతుంది. ఎక్కువైతే జిగట, గీసిన గీత మూసుకుపోతుంది. తర్వాత చిన్నచిన్న తునకలుగా తుంచి తడిబట్ట మీద ఆరబెట్టడం, పోగుచేసి పిసకడం, మళ్లీ తుంచడం. గాలి చేరేకొద్దీ ముద్ద తెల్లబడుతుంది. మొత్తం మిఠాయి 45 గ్రాములు: పైపొర 25, లోపలి పూర్ణం 20 చొప్పున. గులాబి రంగు ముద్ద మీద తెల్ల ముద్దని పల్చగా కప్పి, రంగు లోపల్నుంచి సన్నగా కనబడేలా చేస్తారు. ఇక మూడు అంచుల చెక్క పుల్లతో పూరేకలు. తడిబట్ట కప్పకుండా వదిలేస్తే నిమిషాల్లో పైన పొడిబారి గీటు పడుతుంది. ఇంత చేసి 400 నుంచి 600 యెన్ల మధ్య అమ్ముతుంటే... సరే, నేను ఆపుతా.

ఆకు తగువు దగ్గరికొద్దాం, కామెంట్లలో కొట్టుకునేది అక్కడే కదా. సకురా మోచీ ఆకు తినాలా, తీసేయాలా? ముందు ఏ సకురా మోచీ? తోక్యోది గోధుమపిండి పల్చటి అట్టులో పూర్ణం చుట్టింది. 1717లో సుమిదా నది ఒడ్డున చోమేజీ గుడి దగ్గర పుట్టింది. క్యోటో, ఒసాకాలది దోమ్యోజీ, ఆవిరి పట్టి ఎండబెట్టిన జిగురు బియ్యం నూకతో. ఆకు రెండిటికీ ఉప్పులో ఊరిందే. ఎక్కువగా ఇజు ద్వీపకల్పంలోని మత్సుజాకి ఊరినుంచి వస్తుంది. 50 ఆకులు ఒక కట్ట కట్టి పెద్ద తొట్లలో ఆరునెలల పాటు ఊరేస్తారు. పచ్చి ఆకు నలిపితే ఆ వాసనే ఉండదు. ఉప్పులో ఊరాకే కౌమరిన్ అనే సువాసన పదార్థం విడుదలై ఆ పరిమళం వస్తుంది. చోమేజీ కొట్టువాళ్లే ఆకు తీసేసి తినమంటారు. వాళ్లు ఒక్కో మోచీకి ఒకటికి మించి ఆకులు చుడతారు మరి, అన్నీ తింటే నోరంతా ఉప్పే. ఆకు పని వాసన పట్టించడం, అట్టు ఎండకుండా కాపాడటం. కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండితే ఎవరైనా బుట్ట తింటారా? దోమ్యోజీ ఆకు లేతగా ఉంటే కొరకండి, మీ ఇష్టం. మే 5న వచ్చే కషివా మోచీ ఆకు మాత్రం నమలకండి బాబూ, అది ఓక్ ఆకు. కొత్త చిగురొచ్చేదాకా పాత ఆకు రాలదు, వంశం నిలవాలని దాంతో చుడతారు. పళ్లకి పని పెట్టడానికి కాదు.

నా వాదానికి అసలు సాక్ష్యం జూన్ 30. క్యోటోలో ఆరోజు మినజుకి తింటారు. తెల్లటి మూడు మూలల ముక్క, పైన ఎర్ర అజుకి గింజలు. ఎండాకాలంలో మంచుగడ్డ కోటలో ఉన్నవాళ్లకే దొరికిన కాలంలో, మామూలు జనం మంచు ముక్క ఆకారాన్ని తిన్నారు. ఎర్ర గింజలు కీడు పోగొడతాయని నమ్మకం. సగం ఏడాది పాపం కడుక్కునే రోజు.

ఇంట్లో చేయొచ్చు, చెడగొట్టేది కూడా ఇంట్లోనే. 15 సెంటీమీటర్ల చదరపు పళ్లేనికి మైదా 80 గ్రాములు, కుజు (ఒక తీగ దుంప) పిండి 20, చక్కెర 100, నీళ్లు 280 మిల్లీలీటర్లు. వడగట్టండి, ఉండ కట్టిందంటే తెల్ల మచ్చగా తేలుతుంది. పిండిలో పదో వంతు పక్కన దాచి, మిగతాది 25 నిమిషాలు ఆవిరి మీద. ఇప్పుడు అందరూ చేసే తప్పు: పైన చేరిన నీటిని తుడవకుండా గింజలు చల్లేయడం. కోసేటప్పుడు గింజలన్నీ ఊడి పళ్లెంలో పడతాయి. నీరు అద్ది తీసి, ఉడికించి చక్కెర పట్టించిన గింజలు 150 గ్రాములు పరిచి, దాచిన పిండి పైన పోసి, ఇంకో 10 నిమిషాలు. ఆ చివరి పిండే జిగురు. పూర్తిగా చల్లారాకే తడి కత్తితో నాలుగు చదరాలు, ఒక్కోటి మూలకి మూల, ఎనిమిది ముక్కలు. వేడిమీద కోస్తే కత్తికి సాగి మంచు కాస్తా జావ.

ఇదే మినజుకిని ఏడాది పొడుగునా అమ్మే కొట్లూ క్యోటోలో ఉన్నాయి. ఉన్నాయని ఒప్పుకుంటా. కానీ డిసెంబరులో మినజుకి తినడం సంక్రాంతి ముగ్గు దసరాకి వేసినట్టే.

వరాబి మోచీ గురించి ఒక్క ముక్క, లేకపోతే నిద్ర పట్టదు. అద్దంలా మెరిసే పారదర్శకమైనది చూపించి "అసలైన వరాబి" అంటున్నారే, అసలు వరాబి పిండి ఉడికితే ముదురు గోధుమ రంగు, నల్లగా కూడా ఉంటుంది. అడవి ఫెర్న్ దుంపలు దంచి కడిగితే వంద కిలోలకి కిలో పిండి కూడా రాదు. చవకగా దొరికే తెల్లటివి చిలగడదుంప, కర్రపెండలం పిండి. తినండి, తప్పు లేదు, పేరు మాత్రం ఎత్తకండి. కుజు పిండితో నూడుల్స్‌లా చేసే కుజుకిరీ ఇంకా మొండిది. గియోన్‌లో కగిజెన్ యోషిఫుసాలో మీరు చెప్పాకే చేసి మంచునీళ్లలో, నల్ల చక్కెర పాకంతో తెస్తారు. కాసేపు ఫొటోలు తీశారంటే తెల్లబారి బిగుస్తుంది.

కొట్లోకి వెళ్తే ఇలా. అసా-నామకి పొద్దున్నే, మధ్యాహ్నానికి పళ్లెం ఖాళీ. జో-నామకి కొన్ని కొట్లలో ముందురోజే చెప్పాలి. "హిమోచి?" అని అడగండి, ఎన్నాళ్లు నిలవుంటుందని. ఒక్క మాటకే వేళ్లతో చూపిస్తారు. కింతోన్ కొంటే పెట్టె అడ్డంగా వాల్చకండి. అది జల్లెడలోంచి నూడుల్స్‌లా తోసిన పప్పు పోగుల్ని చాప్‌స్టిక్స్‌తో ఒక్కోటిగా అతికించింది, ఒరిగితే కూలుతుంది. అక్కడే కూర్చుని తింటే పన్ను 10 శాతం, పట్టుకెళ్తే 8. గుడ్డు తినని వాళ్లు దొరయాకీ, కాస్తెరా వదిలేయండి. పేరులో 'కిమి' వినబడితే గుడ్డు సొన ఉన్నట్టే.

ఇక హైదరాబాద్‌కి పెట్టె కట్టేవాళ్లకి: నామగాషి పెట్టారంటే శంషాబాద్‌లో దిగేసరికి చెప్పు తోలే. చక్కెర దట్టించిన గట్టి యోకాన్ తెచ్చుకోండి, తొరాయా చిన్న కడ్డీలు తయారైన రోజునుంచి ఏడాది ఉంటాయి. లేదా తొకుషిమా, కగావాల వసంబోన్ చక్కెర బిళ్లలు. నాలుక మీద పెట్టి నమలకుండా ఆగండి, వాటంతటవే కరుగుతాయి. అవి తెచ్చి, మీ అత్తగారికి పెట్టి, అప్పుడు రీల్ తీయండి. కింద నేను కామెంట్ పెడతా.