ఉద్యోగం మానకుండా విద్యా విధానంలోకి: కొత్త ఫెలోలకు తొలి ప్రసంగం

అందరికీ నమస్కారం.

మీలో బ్యాంకు వాళ్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, లాయర్లున్నారు, లెక్చరర్లున్నారు. ఈ పది నెలల విద్యా విధాన ఫెలోషిప్‌కు ఎవరూ ఉద్యోగం మానుకుని రాలేదు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. వాషింగ్టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ నడిపే ఫెలోషిప్ 1964లో మొదలైంది. అదీ పది నెలలే, అక్కడా కొలువు చేసుకుంటూనే చదువుతారు.

నాయకత్వం గురించి ఈరోజు మాట్లాడను. జీవో చదవడం రాని నాయకుడితో సచివాలయంలో ఎవరికీ పని లేదు. ముందు ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం: ఒక బడికి ఎంతమంది టీచర్లు కావాలి?

2009 విద్యాహక్కు చట్టం చివర షెడ్యూలు చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. 58 మంది పిల్లలున్న బడిలో ఇద్దరు ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఉంటే నిష్పత్తి టీచరుకు 29 మంది. చట్టం దృష్టిలో లోటు లేదు. కానీ తరగతులు ఐదు! ఒకరు ఒకటి, రెండు చూసుకుంటే ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. ఇద్దరిలో ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే ఐదూ మిగిలినవారి నెత్తినే. నిష్పత్తి పిల్లల్ని లెక్కపెడుతుంది, తరగతుల్ని లెక్కపెట్టదు. అందుకే మీరు తయారుచేసే పట్టికలో టీచరుకు ఎంతమంది పిల్లలు అన్న గడి పక్కనే ఎన్ని తరగతులు అన్న గడి కూడా ఉండాలి. మండల సగటు చూసి మురిసిపోకండి. 12 మందికి ఇద్దరున్న బడి, 60 మందికి ఇద్దరున్న బడి కలిపితే సగటు 18. ఆ 18 రెండు బళ్లలో ఎక్కడా కనబడదు.

ఇలాంటి చిక్కుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో జీవో 117తో జవాబు వెతికింది. 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపి సబ్జెక్టు టీచర్లతో చెప్పించాలన్నది అందులో ఒక ముఖ్యాంశం. కాగితం మీద తర్కం గట్టిదే. కానీ దూరాన్ని మ్యాపులో కొలిస్తే సరిపోదు. దార్లో కాలువో హైవేనో ఉంటే ఎనిమిదేళ్ల పిల్ల నడిచే దూరం వేరు. తల్లిదండ్రులూ, ఉపాధ్యాయ సంఘాలూ వ్యతిరేకించాయి. 2025లో దాని స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని ఏ క్లాజు మారిందో, ఏది మారలేదో రాసుకోండి. ఏ ఉపన్యాసంకన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

అంకెల దగ్గర ఒక గొయ్యి ఉంది. దేశంలోని బళ్ల వివరాలు నమోదుచేసే కేంద్ర ప్రభుత్వ డేటా వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి పిల్లల వివరాలు ఒక్కొక్కరి పేరు వారీగా నమోదవుతున్నాయి. అంతకుముందు బడి మొత్తం సంఖ్యే ఇచ్చేవారు. లెక్కించే పద్ధతే మారింది కాబట్టి ఆ రెండు కాలాల నమోదు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి, తగ్గినంతమందీ బడి మానేశారని రాస్తే మీ నివేదిక మొదటి పేజీలోనే పడిపోతుంది.

డబ్బు సంగతి. బడి చదువులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే పథకం సమగ్ర శిక్షలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండిటికీ కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. బడి రోజువారీ ఖర్చులకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు పెట్టాలి. ఆమోదం, విడుదల, ఖర్చు అనేవి మూడు వేర్వేరు అంకెలు. పత్రికల్లో ఎక్కువగా కనబడేది మొదటిదే. మీరు హెచ్‌ఎం దగ్గరున్న క్యాష్‌బుక్కు దాకా వెళ్లి, డబ్బు ఏ నెలలో చేతికి అందిందో చూడాలి. జూన్‌లో కొనాల్సిన సుద్దముక్కలకు ఫిబ్రవరిలో డబ్బొస్తే ఆ మధ్య ఎవరి జేబు ఖాళీ అయిందో అడగండి.

ఇక సిఫారసు. రాసేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మార్చాల్సింది చట్టమా, నియమమా, జీవోనా, విద్యాశాఖ కమిషనర్ ఇచ్చే ఉత్తర్వులా (ప్రొసీడింగ్స్), లేక మండల విద్యాధికారి (ఎంఈవో) వాట్సాప్ మెసేజా? చాలా సమస్యలు చివరి రెండిటితోనే తీరతాయి. చట్టసవరణ అడిగే ఫెలోలు మాత్రం ఏటా ఉంటారు. రెండు పేజీలు చాలు. ఎవరు సంతకం పెట్టాలి, ఎంత ఖర్చు, ఏ పద్దు నుంచి, ఎవరు అడ్డుపడతారు, వాళ్ల అభ్యంతరంలో నిజమెంత? ఈ చివరిది వదిలేసిన నోట్ మీద ఫైలు నడవదు.

క్యాలెండర్ కూడా చూసుకోండి. మన ఫెలోషిప్ జులైలో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక అప్పటికే బడ్జెట్ దాటిపోయాక చేరుతుంది. కాబట్టి డబ్బుతో ముడిపడిన సిఫారసు ఏదైనా డిసెంబర్ లోపే శాఖ చేతిలో ఉండాలి. బళ్లు జూన్ 12న తెరుస్తారు, టీచర్ల సర్దుబాటు అడిగేవాళ్లు వేసవి బదిలీలకు ముందే కదలాలి.

బడికి వెళ్లేముందు జిల్లా విద్యాధికారి (డీఈవో) దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. రెండో శనివారం వెళ్తే తాళం కనిపిస్తుంది, మిగతా శనివారాలు బడి ఉంటుంది. మీ ఆఫీసుకు సెలవున్న రోజు బడి నడుస్తుండటం మనకు కలిసొచ్చే విషయమే. టీచరును పరీక్షించడానికి వచ్చినట్టు కూర్చోవద్దు. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెబుతోంది. మినిట్స్ పుస్తకం చూస్తే సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయా లేదా తెలిసిపోతుంది. ఉంటే హెచ్‌ఎంను నిలదీయకండి, సమావేశం ఏ వేళకు పెట్టారో అడగండి. కూలికి వెళ్లే తల్లి ఉదయం పదకొండింటికి రాలేదు.

వచ్చే వారానికి పని: మీరు ఎంచుకున్న మండలంలోని ప్రాథమిక పాఠశాలలన్నీ ఒక షీటులోకి ఎక్కించండి. పిల్లలు, టీచర్లు, తరగతులు, దగ్గరి హైస్కూలుకు నడక దూరం. అనుమానమున్న బళ్లను ఎర్ర రంగులో గుర్తించి తీసుకురండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.