ముందు బ్రేక్ ప్యాడ్లు మొదటిసారి నేనే మార్చాను: టూల్ అదిరింది, గ్రీజు దగ్గర ఒళ్లు మండింది

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నాను, ప్యాడ్లు, గ్రీజు, పిస్టన్‌ని వెనక్కి నెట్టే టూల్ ఉన్న ఈ కిట్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఊరికే పంపారు. బాక్స్ మీద పేరు కనబడకుండా టేప్ అంటించాను, చూశారుగా. కాసేపట్లో కొంచెం తిట్టబోతున్నాను, అందుకని.

ప్యాడ్ల మెటీరియల్ ఏంటి, ఏ కారుకి ఏ నంబర్, ఇవన్నీ మీరు ఈపాటికే చూసే ఉంటారు. సెరామిక్ ప్యాడ్లు, దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ. అక్కడితో వదిలేద్దాం.

ఇప్పటిదాకా నేను కారుకి సొంతంగా చేసిన పనులు రెండే: స్టెప్నీ మార్చడం, వైపర్ బ్లేడ్లు మార్చడం. బ్రేకుల జోలికి ఎప్పుడూ పోలేదు. కానీ రెండు వారాలుగా బ్రేక్ నొక్కితే చాలు, ముందు ఎడమ చక్రం కీచుమంటోంది. చాలా ప్యాడ్లకి పక్కన ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగాక అది చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కి రాసుకుని కీచుమనేలా కావాలనే పెడతారు. ఆ చప్పుడు విన్నాక ఇంక వాయిదా వేయకూడదు.

చక్రం నట్లు కారు లేపకముందే కాస్త వదులు చేయండి. లేపాక ఒక్క జాకీనే నమ్ముకుని చేతులు పెట్టకండి, కింద స్టాండు పడాల్సిందే. ఈ ఒక్క మాట మాత్రం రివ్యూ కాదు, ఆర్డర్.

నట్లు అనగానే గుర్తొచ్చింది. ఇంతకుముందు నేనో సాకెట్ సెట్ రివ్యూ చేశాను, గుర్తుందా? లోపల పన్నెండు మూలలుంటాయి, ఎటు తిప్పినా పట్టేస్తుంది అని తెగ పొగిడాను. ఆ సాకెట్ బిగుసుకుపోయిన కాలిపర్ బోల్టు (కాలిపర్ అంటే ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) మీద జారి, బోల్టు తల మూలలు కొంచెం అరగదీసింది. ఆరు మూలల సాకెట్ తెచ్చి పెడితే రెండో ప్రయత్నంలో వచ్చేసింది. ఆ వీడియో నమ్మి కొన్నవాళ్లు నన్ను క్షమించాలి.

సరే, కింది బోల్టు తీసి కాలిపర్‌ని పైకి లేపి వైరుతో కట్టాను, బ్రేక్ ఫ్లూయిడ్ వచ్చే గొట్టం, అదే హోస్, మీద బరువు పడకూడదు కాబట్టి. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. ఇది బయటి వైపు ప్యాడ్, ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. ఇది లోపలి వైపుది, 2 మిల్లీమీటర్లు కూడా కష్టమే. కొత్త ప్యాడ్ మీద సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చేసరికి మార్చేయమంటారు. రెండూ ఒకే చక్రంవి, ఒకే రోజు వేసినవి. మరి ఇంత తేడా ఎందుకు?

ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కగానే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ని కూడా డిస్క్‌కి లాగుతుంది. ఆ పిన్నులు జరగకపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే. పై పిన్ను వేలితో లాగితే వచ్చేసింది. కింది పిన్ను మాత్రం అటూ ఇటూ తిప్పి, బతిమాలి, తిట్టి లాగాల్సి వచ్చింది. దాని మీద గ్రీజు ఎండి గోధుమరంగు జిగురులా పట్టేసింది. అంటే తప్పు పాత ప్యాడ్లది కాదు, ఈ పిన్నుది.

ఇప్పుడు కిట్‌లో ఇచ్చిన గ్రీజు చూడండి. ఇదిగో, గోరంత ప్యాకెట్! రెండు చక్రాలకి కలిపి నాలుగు పిన్నులు. దానికి తోడు ప్యాడ్ చెవులు క్లిప్పుల్లో కూర్చునే చోట కూడా పల్చగా రాయాలి. ఎడమ చక్రం పూర్తయ్యేసరికి ప్యాకెట్ ఖాళీ. ఇంట్లో ఉన్న ఏదో గ్రీజు పూసేద్దామంటే కుదరదు, మామూలు పెట్రోలియం గ్రీజుకి పిన్నుల మీదుండే ఈ రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే కావాలి. దాంతో ఆ రోజు పని అక్కడే ఆగింది, కారు రాత్రంతా స్టాండ్ల మీదే. అదే బాక్స్‌లో కీచైన్ ఉంది, లోగో స్టిక్కర్లు మూడున్నాయి! స్టిక్కర్ పూస్తే పిన్ను జరుగుతుందా అండీ?

తిట్టింది చాలు. ఈ టూల్ చూపిస్తాను. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ని లోపలికి నెట్టాలి. మర్నాడు కుడి వైపు కావాలనే సి-క్లాంప్‌తో, అంటే C ఆకారంలో ఉండే మామూలు బిగింపు పనిముట్టుతో, మొదలుపెట్టాను. అది పక్కకి జారుతుంది, పిస్టన్ వంకరగా పోతుందేమోనని భయం, పైగా మూడో చేయి కావాలి. ఈ టూల్ పెట్టి హ్యాండిల్ ఊపితే టిక్, టిక్, టిక్... పిస్టన్ తిన్నగా లోపలికి. ఆ చప్పుడు కోసమే ఇంకో చక్రం విప్పాలనిపించింది. వెనక చక్రాల్లో కొన్ని కార్లకి పిస్టన్‌ని తిప్పుతూ నెట్టాలి, వాటికి ఇది పనికిరాదు.

మొదటి రోజు ఎడమ వైపు ఇలా ముచ్చటగా ఊపుతుంటేనే బానెట్ దగ్గరున్న మా తమ్ముడు "అన్నా, పొంగుతోంది!" అని అరిచాడు. బ్రేక్ ఫ్లూయిడ్! ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికొస్తుంది, డబ్బాలో మట్టం దిగుతుంది. అది తెలియక కొన్ని నెలల క్రితం నేను నిండా పోశాను. పిస్టన్ వెనక్కి వెళ్లేసరికి పోసిందంతా పైకొచ్చింది. ఆ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగేశాం. మీరైతే ముందే మట్టం చూసుకుని, ఎక్కువుంటే కొంచెం తీసేయండి.

అన్నీ బిగించాక మొదటిసారి పెడల్ నొక్కితే నేల దాకా పోయింది. గుండె జారిపోయింది. పిస్టన్ వెనక్కి నెట్టాం కాబట్టి అది మామూలే. ఐదారుసార్లు నొక్కాక గట్టిపడింది. కారు కదిలించక ముందే ఈ పని చేయాలి. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్క్‌కి సర్దుకోవాలని ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు తగ్గించాను. కీచు పోయింది.

ప్యాడ్లకి మార్కులు ఇప్పుడే వేయను, ఇంకా నాలుగు రోజులే. గ్రీజుకి సున్నా. టూల్‌కి పదికి పది. కంపెనీ వాళ్లూ, వింటుంటే చెప్తున్నాను, టూల్ వెనక్కి అడిగితే ఇవ్వను. కీచైన్ కావాలంటే తీసుకెళ్లండి.