కూర్చున్న కొమ్మను నరుక్కున్న రాత్రి

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, నన్ను బస్టాండు నుంచి స్కూటర్ మీద తీసుకొచ్చిన ల్యాబ్ అసిస్టెంట్ అబ్బాయికి, భోజనం చేసొచ్చి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న మీ అందరికీ నమస్కారం. శాలువా వద్దని ఫోన్‌లోనే చెప్పాను, అయినా కప్పారు. ఈ ఉక్కలో దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టినందుకు ఏమీ అనుకోకండి.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి ‘యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఫైళ్ళ బదిలీ, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల అమరిక’ అని పేరు వేశారు. చదివితే నాకే భయమేసింది. యూనిక్స్ అంటే సర్వర్లు నడిపే ఒక ఆపరేటింగ్ సిస్టం, లైనక్స్ దాని తరహాదే. ఉన్నవి రెండు పనులే. ఒక మిషన్‌లో ఉన్నదాన్ని ఇంకో మిషన్‌కి చేర్చడం, అది చేరేందుకు దారి వెయ్యడం. ముప్పై ఏళ్ళు ఈ రెండు పనులతోనే అన్నం తిన్నాను.

తప్పిపోకుండా కాయితం రాసుకొచ్చాను. మొదట ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్ళని ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పంపే పద్ధతి. దాన్ని తయారుచేసిందెవరో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. ఒక్కరూ లేరా? మేష్టార్లలో కూడా? అభయ్ భూషణ్. అలహాబాదులో పుట్టాడు. ఐఐటీ కాన్పూర్ మొట్టమొదటి బ్యాచ్, 1965లో బయటికొచ్చింది. ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంలో ఎఫ్‌టీపీ నియమాలు రాశాడు. అప్పటికి ఇవాళ ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీ పద్ధతి పుట్టనే లేదు. ఇప్పుడు కొట్టండి చప్పట్లు.

ఆ ఎఫ్‌టీపీ నన్ను ఏడిపించిన సంగతి కూడా చెప్పాలి. అందులో టెక్స్ట్‌కి ఒక పద్ధతి, బైనరీకి ఒక పద్ధతి ఉంటాయి. టెక్స్ట్ పద్ధతిలో పంపితే లైను చివరి గుర్తుల్ని అవతలి మిషన్‌కి తగ్గట్టు మార్చేస్తుంది. ఉత్తరాలకి అది మంచిదే. 1990ల చివర్లో ఒకసారి తెలుగు ఫాంటు ఒకటి డయలప్ మీద రాత్రంతా దింపుకున్నాను. తెల్లారి తెరిస్తే పాడైపోయింది. మొదట బైనరీ పద్ధతికి మార్చే ‘బిన్’ అని మూడక్షరాలు కొట్టడం మర్చిపోయాను, అంతే. ఆ నెల టెలిఫోన్ బిల్లు చూసి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇంకో లోపం పాస్‌వర్డుది. ఎఫ్‌టీపీలో అది పోస్టుకార్డు మీద రాసినట్టే పోతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. 1995లో ఫిన్‌లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడివాడే టాటు యులోనెన్, ఒళ్ళు మండి ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు, అంటే దారిలో ఎవరూ చదవలేకుండా దూరపు మిషన్‌లోకి వెళ్ళి పనిచేసే ప్రోగ్రాం. మిషన్‌లో ఒక్కో సేవకి ఒక తలుపు నంబరు ఉంటుంది, దాన్నే పోర్టు అంటారు. ఎఫ్‌టీపీ పోర్టు 21, దూరపు మిషన్‌లోకి వెళ్ళే పాత పద్ధతి టెల్నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీగా ఉంటే నాకివ్వండని ఆ నంబర్లు పంచేవాళ్ళకి మెయిల్ పెట్టాడు, మర్నాటికల్లా ఇచ్చేశారు. మన దగ్గర రేషన్ కార్డులో పేరు మార్చడానికి... సరే, అది వద్దు.

కాయితంలో దీని తర్వాత ఆర్‌సింక్ ఉంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్ అనగానే నాకు కర్నూలు గుర్తొస్తుంది. ఆ ముచ్చట చెప్పెయ్యనివ్వండి, లేకపోతే మిగతాది నోట్లోంచి రాదు.

2003. నేను హైదరాబాదులో ఉన్నాను. మా కంపెనీకి కర్నూల్లో ఒక బ్రాంచి, అందులో రెండు లైనక్స్ సర్వర్లు, ఒకే గదిలో పక్కపక్కన. ఒకదాంట్లోని లెక్కలు రోజూ రాత్రి రెండోదాంట్లోకి కాపీ అవ్వాలి. మొత్తం రెండు జీబీ. వంద మెగాబిట్ల తీగ మీద నాలుగైదు నిమిషాల పని. అది తెల్లవార్లూ నడుస్తోంది! ఉన్నావా అని అడిగే పింగ్ కొడితే బ్రహ్మాండంగా పలుకుతుంది. చిన్న ఫైళ్ళు చిటికెలో పోతాయి. పెద్ద ఫైలు అనేసరికి బురదలో ఎద్దుబండి.

మీలో ఎవరికైనా రోగం అర్థమైందా? రెండో వరస అబ్బాయి, ఏమన్నావు? తీగ కాదు నాయనా. తీగ మార్చి కూడా చూశాం. తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టెలో సర్వర్ తీగ దూర్చిన రంధ్రాన్ని, దాన్నీ పోర్టనే అంటారు, ఎవరో ‘వంద, ఫుల్ డూప్లెక్స్’ అని బిగించేశారు. సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డేమో ‘నువ్వే చూసుకో’ అని ఆటోలో ఉంది. అవతలివాడు బేరానికి రాకపోతే కార్డు వేగం మటుకు పసిగట్టగలదు, డూప్లెక్స్ పసిగట్టలేదు. హాఫ్ అనుకుని సర్దుకుంటుంది. అంటే ఒకడు వింటూనే మాట్లాడతాడు, ఇంకోడు అవతలివాడు ఆపితేగాని నోరు తెరవడు. చిన్న మాటలైతే నెట్టుకొస్తారు. పెద్ద సంభాషణలో ఒకరి మీద ఒకరు పడతారు, పోయిన ముక్కలు మళ్ళీ మళ్ళీ పంపుకుంటారు.

రాత్రి తొమ్మిదింటికి రోగం కనిపెట్టాను. ఎంత సంబరమో! హైదరాబాదు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వెళ్ళి కార్డు సెట్టింగులు మార్చే ఈత్‌టూల్‌తో ఫుల్ డూప్లెక్స్ పెట్టేస్తే అయిపోయేది. ఒకే ఒక్క లైను. కానీ నాకు పద్ధతి ఎక్కువ కదా. ముందు కార్డుని ఆపి, మార్చి, మళ్ళీ లేపుదామనుకున్నాను. ఈత్0 అంటే ఆ కార్డు పేరు, ఐఎఫ్‌కాన్ఫిగ్ అంటే కార్డుల్ని అమర్చే కమాండు. ‘ఐఎఫ్‌కాన్ఫిగ్ ఈత్0 డౌన్’ అని కొట్టి ఎంటర్ నొక్కాను.

ఎవరో నవ్వారు. ఆ నవ్విన అమ్మాయి పాసవుతుంది.

నేను ఆ సర్వర్‌లో కూర్చున్నదే ఆ ఈత్0 మీద. కూర్చున్న కొమ్మనే నరికాను. తెర మీద కర్సర్ అలాగే నిలబడిపోయింది. ‘అప్’ అని కొట్టాల్సిన రెండో లైను నా వేళ్ళలోనే ఉండిపోయింది. అటు పొద్దున్నే ఎనిమిదింటికి బ్రాంచి తెరుస్తారు.

ఇమ్లీబన్‌కి ఆటో కట్టించుకుని కర్నూలు బస్సెక్కాను. రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. నిద్ర లేదు, దారి పొడుగునా మనసులో ఆ రెండో లైనే కొట్టుకుంటూ కూర్చున్నాను. తెల్లవారుజామున దిగేసరికి కొండారెడ్డి బురుజు వైపు పాలబండ్లు తిరుగుతున్నాయి. బ్రాంచి దగ్గర వాచ్‌మన్ తాత మంచమ్మీంచి లేచాడు. సంగతి చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, “ఒక ఫోను చేసింటే నేనే ప్లగ్గు పీకి పెట్టిండేవాణ్ణి గదా సార్” అన్నాడు.

నిజమే! నోటితో చెప్పినట్టు కొట్టిన ఆ ‘డౌన్’ ఏ ఫైల్లోనూ రాసి లేదు, అది ఉన్నది మెమరీలోనే. కరెంటు తీసి పెడితే సర్వర్ లేచి, సెట్టింగుల ఫైలు చదువుకుని, పాత చిరునామాతో చక్కగా నిలబడేది. ఆఫీసులో ఫోను ఉంది. తాత దాని పక్కనే పడుకుంటాడు. యూనిక్స్ చదివిన నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది. ఆ పూట టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

టైమెంతయింది? ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. ఆర్‌సింక్ తొందరగా చెప్పేస్తాను. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ చేశారు. ఒకే పుస్తకం రెండు ప్రతులు రెండు ఊళ్ళలో ఉన్నాయనుకోండి. పుస్తకమంతా పోస్టులో పంపకుండా, ఫోన్‌లో పేజీకో అంకె చెప్పుకుని, అంకె కలవని పేజీలే పంపుకోవడం. మొదట్లో ఒక మాట చేరి పేజీలన్నీ జరిగిపోయినా పోల్చుకోగలగడం దాని గొప్ప. కానీ జాగ్రత్త. మూలం పేరు చివర స్లాష్ పెడితే ఫోల్డర్‌లో ఉన్నవి పోతాయి, పెట్టకపోతే ఫోల్డరే పోతుంది. మూలంలో లేనివాటిని అవతల చెరిపేసే ‘డిలీట్’ జోడించినప్పుడు ముందు ‘మైనస్ ఎన్’తో ఉత్తుత్తి పరుగు చూడండి. ఎటు నుంచి ఎటో తిరగేసి రాసి అసలుని చెరిపేసుకున్నవాళ్ళని ముగ్గుర్ని నాకు తెలుసు, మూడోవాడు ఈ వేదిక మీదే ఉన్నాడు. అది ఇంకో ప్రసంగం.

ఇక ఇంటర్‌ఫేస్‌లు, అంటే ఆ నెట్‌వర్క్ కార్డులే. ఐఎఫ్‌కాన్ఫిగ్ 1983లో యూనిక్స్‌లో ఒక రకమైన 4.2 బీఎస్‌డీతో వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీల్లో ఇప్పటికీ అదే. లైనక్స్‌లో మాత్రం ‘ఐపీ’ అనే కమాండు నేర్చుకోండి. ఈత్0 అనే ముద్దుపేరు కూడా చాలాచోట్ల పోయింది. రెండు కార్డులుంటే బూట్ అయినప్పుడల్లా పేర్లు తారుమారయ్యేవి, అందుకని 2013 నుంచి లైనక్స్‌ని లేపి నడిపించే సిస్టమ్‌డీ ఇంటిపేరుతో సహా పిలుస్తోంది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే ఈథర్‌నెట్, మూడో పీసీఐ బస్సు, సున్నా స్లాటు. మన పెళ్ళిపత్రికల్లో ఫలానా వారి మనవడు అని వేసినట్టు.

కర్నూలు తర్వాత నేనెప్పుడూ చేసేది ఇప్పుడు ఇక్కడే చూపిస్తాను. అమ్మా, నవ్వినమ్మాయీ, ఆ ముందున్న కంప్యూటర్ దగ్గర కూర్చో. పక్క గదిలో సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చెయ్యి, రూట్‌గా, అంటే సర్వాధికారాలతో. చేశావా? ఇప్పుడు దేన్నీ ముట్టుకోకు. ముందు ‘యాట్ నౌ ప్లస్ 5 మినిట్స్’ అని కొట్టు, అంటే ఐదు నిమిషాల తర్వాత ఈ పని చెయ్యమని సర్వర్‌కి ముందే చెప్పడం. లోపల రెండు లైన్లు. మొదటిది కార్డుని లేపేది. రెండోది డీఫాల్ట్ రూటు, అంటే గేట్‌వే గుండా బయటి నెట్‌వర్క్‌కి పోయే దారి, మళ్ళీ పెట్టేది. ఆ రెండోది వదిలేసి చాలామంది పప్పులో కాలేస్తారు. కార్డు పడుకున్నా ఐపీ చిరునామా ఉంటుంది, గేట్‌వే దారి మాత్రం ఎగిరిపోతుంది, లేచినా దానంతటది రాదు. ఒకే లాన్‌లో, అంటే ఈ కట్టడంలోని నెట్‌వర్క్‌లో, ఉన్న నీకు తెలియదు, హైదరాబాదులో ఉన్నవాడికి తెలుస్తుంది. రాశావా? కంట్రోల్ డీ. ‘యాట్‌క్యూ’ కొట్టి వరసలో ఉందో లేదో చూడు. ఉందా?

సరే, ఇప్పుడు కార్డుని డౌన్ చెయ్యి. భయపడకు, కొట్టు.

ఆగిపోయింది కదా. అందరూ చూడండి, కర్సర్ అచ్చం అలాగే ఉంది. ఎవరూ పక్క గదిలోకి వెళ్ళకండి, ప్లగ్గు ముట్టుకోకండి. ఐదు నిమిషాలు ఆగుదాం. ఈలోగా ఆ టీ ఏదో తెప్పించండి, డబ్బులు నేనిస్తాను.