ఓటు లేనివాళ్ల సంతకాలు: అమెరికా 'గ్యాగ్ రూల్' ఎందుకు బెడిసికొట్టింది?

[తెరపై: 1830ల నాటి పోలింగ్ చోటు. బల్ల మీద చెక్క పెట్టె, చుట్టూ జనం.]

బానిసత్వం మీద వచ్చే అర్జీలను అమెరికా ప్రతినిధుల సభ పక్కన పడేసేలా చేసిన నిబంధనే గ్యాగ్ రూల్. అది అర్థం కావాలంటే 1830ల అమెరికాలో ఓటు ఎలా వేసేవారో ముందు చూడండి. ప్రభుత్వం బ్యాలెట్ ఇచ్చేది కాదు. పార్టీయే తన అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చేసి పంచేది. ఓటరు ఆ చీటీని అందరూ చూస్తుండగా పెట్టెలో వేసేవాడు. చీటీ రంగు చూసి, సైజు చూసి, ఎవరికి వేశాడో పక్కవాడు చెప్పేయగలడు. వర్జీనియా, కెంటకీల్లో ఆ చీటీ కూడా లేదు. అధికారి ముందు నిలబడి అభ్యర్థి పేరు పైకి చెప్పాలి. ప్రభుత్వమే అచ్చువేసే రహస్య బ్యాలెట్ రాష్ట్రాల్లోకి వచ్చింది 1888లో.

అయినా జనం విరగబడి వచ్చారు. ఆస్తి ఉంటేనే ఓటు అన్న షరతును రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఎత్తేయడం ఒక కారణం, పార్టీలు ఊరూరా పాతుకోవడం ఇంకో కారణం. 1824 అధ్యక్ష ఎన్నికల్లో ఓటు హక్కున్నవాళ్లలో నూటికి దాదాపు 27 మంది ఓటేశారు. ఆండ్రూ జాక్సన్ గెలిచిన 1828లో 57 మంది. 1840కి వచ్చేసరికి 80 మంది.

[తెరపై: మూడు తేదీలు ఒకదాని కింద ఒకటి. 1807, 1821, 1838.]

ఈ లెక్కలో కనపడనివాళ్లు ఉన్నారు. న్యూజెర్సీలో 1807 దాకా ఆస్తి ఉన్న పెళ్లికాని ఆడవాళ్లు, వితంతువులు, నల్లజాతివారు ఓటేసేవారు. ఆ ఏడు చట్టం మార్చి ఓటును పన్ను కట్టే తెల్ల మగవాళ్లకే పరిమితం చేశారు. న్యూయార్క్ 1821లో తెల్లవాళ్లకు ఆస్తి షరతు తీసేసింది, నల్లవాళ్లకు మాత్రం 250 డాలర్ల ఆస్తి చూపించమంది. పెన్సిల్వేనియా 1838 రాజ్యాంగంలో 'తెల్ల' అన్న ఒక్క మాట చేర్చి నల్లజాతివారి ఓటు మొత్తం ఊడబెరికింది. పేద తెల్లవాడికి ఓటు వచ్చిన కాలమే, మిగతావాళ్ల దగ్గర ఉన్న కాస్తా లాక్కున్న కాలం.

వీళ్లకు మిగిలింది అర్జీ. రాజ్యాంగం మొదటి సవరణలో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. పెట్టేవాడికి ఓటు ఉండాలని అందులో ఎక్కడా లేదు.

[తెరపై: అచ్చు అర్జీ నమూనా. పైన నాలుగు వాక్యాలు, కింద రెండు నిలువు వరుసలు.]

బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడిన అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీ 1833 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. 1837లో అర్జీల పనిని హెన్రీ స్టాంటన్, థియోడర్ వెల్డ్, కవి జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ ముగ్గురికీ అప్పగించింది. అంతకుముందు అర్జీలంటే పేజీల కొద్దీ వేడుకోళ్లు. ఇప్పుడు నాలుగు ముక్కల్లో విషయం, ఊరి పేరుకు ఖాళీ, కింద సంతకాలకు చోటు. గుమ్మంలో నిలబడి చదివి వినిపించడానికి అంతే చాలు. ఓటర్ల సంతకాలు ఒక వరుసలో, ఆడవాళ్ల సంతకాలు ఇంకో వరుసలో ఉండేవి. చాలాచోట్ల వేరే కాగితం మీదే పెట్టించేవారు. ఎక్కువ పని చేసింది ఆడవాళ్లే. ఇల్లిల్లూ తిరిగి, మాట్లాడి, సంతకం తీసుకుని, కాగితం నిండితే కింద ఇంకోటి అంటించేవారు. చాలా ఊళ్ల కాగితాల్లో ఆడవాళ్ల పేర్లే ఎక్కువ.

తపాలా ఖర్చు కూడా ఆలోచించాల్సిందే. అప్పట్లో 400 మైళ్లు దాటితే ఒక్కో కాగితానికి 25 సెంట్లు. కానీ కాంగ్రెస్ సభ్యుడి పేరిట వెళ్లే ఉత్తరాలు, ఒక బరువు దాకా, ఉచితం. కాబట్టి అర్జీ నేరుగా సభ్యుడి పేరునే పంపేవారు.

ఏం అడిగారు? దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వాన్ని తీసేసే అధికారం కాంగ్రెస్‌కు లేదని ఎక్కువమంది ఒప్పుకునేవారు. రాజధాని వాషింగ్టన్ మాత్రం పూర్తిగా కాంగ్రెస్ చేతిలోది. అందుకే అక్కడ బానిసత్వం, బానిసల వ్యాపారం రద్దు చేయమన్నారు. బానిసత్వం ఉన్న టెక్సాస్‌ను దేశంలో కలుపుకోవద్దన్నారు. ఒక్కో కోరికకు ఒక్కో అర్జీ. 1837-38లో 4 లక్షలకు పైగా సంతకాలు వెళ్లాయంటే 4 లక్షల మంది అనుకోకండి. ఒకే మనిషి నాలుగైదు కాగితాల మీద సంతకం పెట్టి ఉండొచ్చు. అంత కట్ట వచ్చి పడిందంటే మాత్రం సభ పని ఆగిపోవాల్సిందే.

[తెరపై: 1836 మే 26. అనుకూలం 117, వ్యతిరేకం 68.]

సౌత్ కరోలినా సభ్యుడు హెన్రీ పింక్నీ తెచ్చిన తీర్మానాన్ని ప్రతినిధుల సభ ఆమోదించింది. బానిసత్వానికి ఏ రకంగానైనా, ఎంత మాత్రమైనా సంబంధించిన అర్జీలన్నీ అచ్చు వేయకుండా, కమిటీకి పంపకుండా 'బల్ల మీద పెట్టాలి', ఆపైన ఏ చర్యా ఉండదు. ఇదే గ్యాగ్ రూల్, నోరు నొక్కే నిబంధన. ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. మన పార్లమెంటులో పత్రాన్ని సభ బల్ల మీద ఉంచడమంటే సభ్యుల ముందుంచడం. అమెరికా కాంగ్రెస్‌లో అదే మాటకు అర్థం పక్కన పడేయడం. అచ్చమైన బుట్టదాఖలా.

ఈ తీర్మానం తయారీలోనే మూడు లోపాలున్నాయి.

మొదటిది, అది తీర్మానం మాత్రమే, శాశ్వత నిబంధన కాదు. సమావేశాలు ముగిస్తే దానికీ కాలం చెల్లుతుంది. కొత్త సమావేశం మొదలైన రోజుకూ, తీర్మానం మళ్లీ నెగ్గే రోజుకూ మధ్య సందు ఉంటుంది. మాజీ అధ్యక్షుడు, మసాచుసెట్స్ సభ్యుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ సందులో అర్జీలు దింపేసేవాడు.

రెండోది ఇంకా పెద్దది. ఒక అర్జీకి నిబంధన వర్తిస్తుందా లేదా తేల్చాలంటే అందులో ఏముందో ఎవరో ఒకరు చెప్పాలి కదా! 1837 ఫిబ్రవరి 6న ఆడమ్స్ లేచి, తాము బానిసలమని చెప్పుకునే 22 మంది నుంచి వచ్చిన కాగితం తన దగ్గరుందని, అది నిబంధన కిందికి వస్తుందా అని స్పీకర్ జేమ్స్ పోక్‌ను అడిగాడు. సభ భగ్గుమంది. ఆడమ్స్‌ను అభిశంసించాలని తీర్మానాల మీద తీర్మానాలు పెట్టారు. అంతా అరిచాక ఆయన తాపీగా చెప్పాడు: ఆ కాగితం కోరేది విముక్తి కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకం. బానిసత్వం గురించి మాట్లాడకూడదన్న సభ రోజుల తరబడి మాట్లాడింది దాని గురించే.

మూడోది, గొడవ స్వభావమే మారిపోయింది. బానిసత్వం ఊసెత్తని ఉత్తరాది రైతు కూడా తన అర్జీ హక్కు పోతోందంటే ఊరుకోడు. సెనేట్ ఈ పనే చప్పుడు లేకుండా చేసింది. అర్జీ వస్తే దాన్ని స్వీకరించాలా వద్దా అన్న ప్రశ్ననే బల్ల మీద పెట్టేసేవారు. ప్రత్యేక నిబంధన లేదు, దాని పేరు మీద రచ్చా లేదు. ప్రతినిధుల సభవాళ్లు తెలివి తక్కువగా వ్యవహరించారనే చెప్పాలి.

1840 జనవరిలో వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఈసారి శాశ్వత నిబంధన; అర్జీని అసలు స్వీకరించేదే లేదు. ఓట్లు 114, 108. నాలుగేళ్ల కిందట 49 ఓట్ల ఆధిక్యం, ఇప్పుడు 6.

[తెరపై: 1842 జనవరి. ప్రతినిధుల సభ.]

మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ నుంచి 46 మంది, యూనియన్‌ను, అంటే రాష్ట్రాలన్నీ కలిసిన దేశాన్నే, శాంతియుతంగా రద్దు చేయమని అర్జీ పంపారు. ఆడమ్స్ దాన్ని సభ ముందు పెడుతూనే, ఎందుకు కుదరదో వాళ్లకు జవాబు రాయడానికి ఒక కమిటీ వేయమన్నాడు. అయినా మళ్లీ అభిశంసన తీర్మానం. 74 ఏళ్ల ఆడమ్స్, తనను తాను సమర్థించుకునే హక్కు ఉంది కాబట్టి, రెండు వారాలు ఎడతెగకుండా వాదించాడు. కావలసిన సమాచారం వెతికి ఇచ్చింది వెల్డ్. విసిగిపోయిన సభ ఫిబ్రవరి 7న 106-93తో ఆ తీర్మానాన్నే బల్ల మీద పెట్టేసింది.

1844 డిసెంబర్ 3న 108-80తో నిబంధన రద్దయింది. దాన్ని నిలబెట్టింది దక్షిణాది ఒక్కటే కాదు, ఉత్తరాది డెమోక్రాట్ల ఓట్లు. ఊళ్లో ఓటర్లకు జవాబు చెప్పుకోలేక వాళ్లు జారిపోయారు. పైగా ఆ ఏడే, టెక్సాస్ విలీనాన్ని వ్యతిరేకించిన తమ ఉత్తరాది నాయకుడు, మాజీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌కు అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కకుండా దక్షిణాదివాళ్లు అడ్డుపడ్డారన్న కోపం కూడా ఉంది.

[తెరపై: 1864 ఫిబ్రవరి 9. సెనేట్.]

ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరు నల్లజాతి పురుషులు అర్జీల కట్టలు మోసుకొచ్చి సెనేటర్ చార్లెస్ సమ్నర్ బల్ల మీద పెట్టారు. బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేయమంటూ లక్ష సంతకాలు. అవి సేకరించిన సంస్థను నడిపినవాళ్లు సూజన్ ఆంథనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్. ఈ రెండో ఆవిడ, 1837లో అచ్చు కాగితాలు పంచిన ఆ హెన్రీ స్టాంటన్ భార్య.