పిల్లలు వెళ్ళాక కింద గది కోసం గోడలు విప్పించాం | మా డాలస్ ఇంటి రీమోడల్ వ్లాగ్

హాయ్ అండీ అందరికీ, బాగున్నారా. మా పిన్నీ మా ఆడపడుచూ ఇద్దరూ వాట్సాప్‌లో ఒకటే అడగడం, ఇల్లు పగలగొట్టిస్తున్నారంట కదా చూపించవే అని, సరే ఇవాళ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, వర్కర్లు కూడా తొందరగా వెళ్ళిపోయారు, దుమ్ము కాస్త అణిగింది, అందుకని కెమెరా పట్టుకున్నా.

ఇదిగోండి, ముందు తలుపు తీయగానే ఎడమ పక్కన ఇది మా వారి ఆఫీస్ రూమ్. దీన్ని ఆనుకుని పౌడర్ రూమ్ ఉండేది, అంటే ఒక కమోడ్, ఒక వాష్‌బేసిన్ అంతే, స్నానానికి ఉండదు, ఇంటికొచ్చిన వాళ్ళ కోసం ఇక్కడ కింద అలా ఒకటి పెడతారు. ఇప్పుడు ఈ రెండూ కలిపి ఒక బెడ్రూమ్, దానికి షవర్ ఉన్న పూర్తి బాత్రూమ్ చేయిస్తున్నాం. ఇక్కడ చాలా ఇళ్ళల్లో పెద్ద బెడ్రూమ్ కిందే ఉంటుంది, మేము 2007లో కొన్న ఈ ప్లాన్‌లో మాత్రం నాలుగూ పైనే, అప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు, అందరం ఒకే అంతస్తులో పడుకుంటాం కదా అని అదే నచ్చి కొన్నాం. ఇప్పుడు అమ్మాయి సియాటిల్‌లో ఉద్యోగం, అబ్బాయి ఆస్టిన్‌లో చదువు, ఇద్దరం పొద్దున దిగి రాత్రి ఎక్కుతున్నాం, మధ్యాహ్నం బట్టలకి ఇంకోసారి, మా వారికి మోకాలు పట్టేస్తోంది.

చాలామంది అడిగారు, ఇదంతా ఎందుకు, ఇది అమ్మేసి చిన్న ఇల్లు కొనుక్కోవచ్చు కదా అని. మేమూ అదే అనుకున్నాం, నిజంగానే తిరిగి చూశాం. కానీ మా లోన్ 2021లో రీఫైనాన్స్, అంటే పాతది తీర్చేసి తక్కువ వడ్డీకి కొత్తగా తీసుకున్నది, 2.875 శాతం వడ్డీ, 30 ఏళ్ళు మారదు. మేము తిరిగి చూసినప్పుడు కొత్త లోన్ అంటే ఆరు పైనే ఉంది. పైగా ఈ ఏరియాలో ఒకే అంతస్తు ఉన్న ఇళ్ళకి గిరాకీ ఎక్కువ, సైజు చిన్నదైనా ధర దగ్గరదగ్గరగా అంతే చెప్తున్నారు. అంటే చిన్న ఇంట్లోకి మారి పెద్ద ఈఎంఐ కట్టాలన్నమాట. ఇంకోటి, ఇక్కడి నుంచి గుడికి దగ్గర, ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం శనివారం వెళ్తాం, మా స్నేహితులంతా చుట్టుపక్కలే, ఈ వయసులో కొత్తచోట మళ్ళీ పక్కింటి వాళ్ళతో పరిచయం దగ్గర్నుంచి మొదలెట్టడం నాకు ఇష్టం లేదు.

మొత్తం కాంట్రాక్టర్ చెప్పింది 46 వేల డాలర్లు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే 41 లక్షల 40 వేలు. మా అమ్మకి ఈ లెక్క చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, ఒక్క గదికా అమ్మాయ్ అంది. ఒక్క గదికే అమ్మా. ఇక్కడ సామాను కన్నా మనిషి కూలీ ఎక్కువ.

ఇక్కడ కింద చూడండి, ఈ కాంక్రీట్ కోసిన చోటు. దీని వెనక పెద్ద కథే ఉంది. డాలస్ చుట్టుపక్కల మట్టి మన గుంటూరు జిల్లా నల్లరేగడి లాంటిదేనండీ, అదే జాతి, వానలకి ఉబ్బుతుంది, ఎండలకి బీటలు వారుతుంది. అందుకే వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి పునాదికి నీళ్ళు పెడతాం, మట్టి ఎండి కుంగిపోకుండా, మొక్కలకి కాదు, పునాదికి. మొదట్లో మా మావగారు వచ్చినప్పుడు అది చూసి చాలా ఆశ్చర్యపోయారు, తర్వాత రోజూ సాయంత్రం ఆ పంపు తిప్పే పని ఆయనే తీసుకున్నారు, వాకింగ్ నుంచి రాగానే నేరుగా అక్కడికే వెళ్ళేవారు, పక్కింటి తెల్లాయనకి కూడా చేత్తో సైగలు చేసి మీ వైపు ఎండిపోయింది అని చెప్పేవారు, ఆయన ఉన్న ఆరు నెలలూ మా పునాది దిగులు మాకు లేదు.

సరే ఏం చెప్తున్నా, కాంక్రీట్. ఈ మట్టి మీద నిలవాలని నేల స్లాబ్‌లో ఉక్కు తీగలు పెట్టి బిగించి లాగుతారు, ఒక్కో తీగలో దాదాపు 15 టన్నుల లాగుడు ఉంటుంది. పొరపాటున అది తెగితే కాంక్రీట్ చీల్చుకుని బయటికి రావచ్చు, మనుషులకి ప్రమాదం. మా గరాజ్ నేల మీద, కోయవద్దు తవ్వవద్దు అని ముద్రే వేసుంది. షవర్‌కి కొత్తగా డ్రెయిన్ కావాలి కదా, అందుకని ముందు రాడార్ మిషన్ వాడిని పిలిపించాం, చిన్న బండిలాంటిది నేల మీద దొర్లించుకుంటూ తీగలు ఎక్కడున్నాయో చాక్‌పీస్‌తో గీతలు గీసి వెళ్ళాడు, 650 డాలర్లు, 58 వేల 500. ఆ గీతల మధ్యలో ఖాళీ చూసుకుని కోశారు. కమోడ్ మాత్రం ఉన్నచోటే ఉంచేశాం, అది జరిపితే ఇంకో కోత.

దిక్కుల సంగతి అమ్మ ముందే చూసింది లెండి, వీడియో కాల్‌లో దిక్సూచి పెట్టించి మరీ. ఇది నైరుతి గది, పడకకి మంచిదే అంది, ఈశాన్యంలో బాత్రూమ్ రావట్లేదని తేలాకే ఒప్పుకుంది.

ఇప్పుడు అసలు నేను చూపించాలనుకున్నది ఇది. ఈ గోడ చూడండి. ఇటుక లేదు, సిమెంటు లేదు, నిలువు చెక్కలు, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాలు, వాటి మధ్య ఖాళీ, వైర్లు, పైపులు అన్నీ ఇందులోనే. దీనికి రెండు పక్కలా షీట్‌రాక్ అని జిప్సం పలకలు కొట్టి రంగేస్తే గోడ అయిపోయింది, బయట నుంచి చూస్తే మన గోడలాగే ఉంటుంది. తెనాలిలో నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక బాత్రూమ్‌లో పట్టుకోవడానికి స్టీల్ రాడ్ కావాలంటే ఒక్క ఫోన్ చేశాం, డ్రిల్లు తెచ్చి ఇటుక గోడలో బిగించి పావుగంటలో వెళ్ళిపోయాడు. ఇక్కడ ఆ రాడ్ ఉత్త జిప్సం పలకకి బిగిస్తే మనిషి జారినప్పుడు రాడ్‌తో సహా ఊడి వస్తుంది. 250 పౌండ్లు, అంటే 113 కిలోల బరువు ఆపాలని ఇక్కడి లెక్క. అందుకని గోడ మూసేలోపే, చెక్కకీ చెక్కకీ మధ్య ఇదిగో ఇలా మందపాటి ప్లైవుడ్ అడ్డంగా వేయించుకోవాలి. ఈ ముక్కలన్నిటికీ కలిపి 60 డాలర్లు, 5 వేల 400 రూపాయలు. ఇప్పుడు వేయించకుండా పదేళ్ళ తర్వాత కావాలంటే టైల్స్ పగలగొట్టాలి, మళ్ళీ వేలల్లో పని. మీలో ఎవరైనా ఇక్కడ బాత్రూమ్ మార్పిస్తుంటే, వయసు ఎంతైనా సరే, ఇది మాత్రం చెప్పి వేయించండి, రాడ్ ఇప్పుడే పెట్టక్కర్లేదు, లోపల చెక్క ఉంటే చాలు.

కాంట్రాక్టర్ పెన్సిల్ ఇచ్చి ఎక్కడెక్కడ పట్టుకుంటారో గుర్తులు పెట్టండి అన్నాడు. మా వారూ నేనూ ఇక్కడ నిలబడి, పెయింట్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని లేచి, షవర్‌లోకి వెళ్తున్నట్టు అడుగేసి, 80 ఏళ్ళప్పుడు చెయ్యి ఎక్కడ పడుతుందో అని చూసుకున్నాం. ఆయన చెయ్యి ఒకచోట పడింది నాది ఒకచోట పడింది, రెండు చోట్లా గీతలు పెట్టాం. పెళ్ళైన కొత్తలో ఫర్నిచర్ ఎక్కడ పెట్టాలో ఇలాగే కొలుచుకునేవాళ్ళం.

తర్వాత అమ్మ గుర్తొచ్చింది. ఇక్కడ పబ్లిక్ బాత్రూమ్‌లకి రాడ్ 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలని రూల్, ఇళ్ళకి ఆ రూల్ లేదు కానీ అందరూ అదే పెడతారు. అమ్మ పొట్టి, 4 అడుగుల 10 అంగుళాలు. ఫోన్ చేసి, అమ్మా నీ టైలరింగ్ టేప్ తీసుకుని నేల నుంచి నువ్వు హాయిగా పట్టుకునే ఎత్తు కొలువు అన్నా. కొలిచి, 31 అంది. అందుకే ఈ ప్లైవుడ్ నేల నుంచి 28 అంగుళాల ఎత్తు మొదలు 40 దాకా వెడల్పుగా వేయించా, అమ్మ ఉన్నప్పుడు ఒక ఎత్తు, తర్వాత మాకొక ఎత్తు.

అమ్మ వస్తానని ఇంకా అనలేదండీ. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. కిందటిసారి వచ్చినప్పుడు మెట్లెక్కలేక మధ్యాహ్నాలు సోఫాలోనే పడుకునేది. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది అనుకుంటాం కానీ పై పోర్షన్‌లో బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకుంది, వాళ్ళ పాప బడి నుంచి రాగానే అమ్మ దగ్గర జంతికలు తిని గానీ పైకెళ్ళదు. పిల్లలు దూరం వెళ్తే మన ఊళ్ళో పై వాటా అద్దెకిస్తారు, ఇంట్లో సందడి ఉంటుంది. మా పైన ఇప్పుడు నాలుగు గదులు, ఏసీ మిషన్ శబ్దం తప్ప ఇంకేం ఉండదు. పైకీ కిందకీ వేరే వేరే ఏసీలు, కింది గదిలోకి మారాక పైది 82 ఫారన్‌హీట్ మీద పెట్టేస్తాం, అంటే మన సెల్సియస్ లెక్కలో 28 డిగ్రీలు, కరెంటు బిల్లు తగ్గుతుంది. పిల్లల గదులు మాత్రం ముట్టుకోవట్లేదు, అమ్మాయి వీడియో కాల్‌లో మొదట అడిగింది అదే, నా బుక్‌షెల్ఫ్ అక్కడే ఉందా అని. అక్కడే ఉందమ్మా.

షవర్‌కి గట్టు లేదు చూశారా, నేల అలాగే లోపలికి వెళ్ళిపోతుంది, కాలు ఎత్తి దాటే పని లేదు. నీళ్ళు బయటికి రాకుండా డ్రెయిన్ వైపు అడుగుకి పావు అంగుళం వాలు. టైల్స్ కిందకి వాటర్‌ప్రూఫ్ పొర వేసి, డ్రెయిన్‌కి బిరడా పెట్టి, మనం స్లాబ్ మీద మడులు కట్టినట్టు నీళ్ళు నిలబెట్టి రాత్రంతా వదిలేశారు, పొద్దున ఇన్‌స్పెక్టర్ వచ్చి మట్టం తగ్గలేదని చూసి సంతకం పెట్టాడు. తలుపు 36 అంగుళాలది, వీల్‌చైర్ పడుతుంది, గుండ్రటి నాబ్ వద్దని కిందికి నొక్కే హ్యాండిల్ చెప్పా, వేళ్ళు నొప్పులున్నా తెరుచుకుంటుంది.

సోమవారం షీట్‌రాక్ వాళ్ళొచ్చి గోడలు మూసేస్తారు. అందుకని నేనిప్పుడు ప్రతి గోడకీ టేప్ ఆనించి ఫోటోలు తీయాలి, పైపు ఎక్కడ, వైరు ఎక్కడ, ప్లైవుడ్ ఎంత ఎత్తులో ఉందో అంతా. మూసేశాక తెలియదు కదా. పిల్లలిద్దరికీ కూడా పంపిస్తా. టైల్స్ కొన్నాక మళ్ళీ వీడియో పెడతా, జారని టైల్ కావాలి, మ్యాట్‌లో లేతరంగువి రెండు చూసి ఉంచాం, పిన్నీ నువ్వు కూడా చూసి చెప్పు ఏది బాగుందో. ఉంటానండీ.